ఈసీజీ నా బుర్రలోనే ఉండిపోయింది

మన డాక్టరేట్ బ్యాచ్ సంచికకి ఏదైనా రాయమని గ్రూప్‌లో మెసేజ్ వచ్చినప్పుడు, గ్రాడ్యుయేషన్ ఫొటోలూ రాత్రి ఒంటిగంటకి అప్‌లోడ్ చేసిన అసైన్‌మెంట్లూ అందరూ ఎలాగూ రాస్తారు కదా అనిపించింది, అందుకని నేను ఒక్క ప్రశ్న గురించి రాస్తా, మన బ్యాచ్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఎంత నవ్వుకున్నారో.

డాక్టరేట్‌లో చేరేనాటికి నేను ఎమర్జెన్సీలో పదకొండేళ్లు పీఏగా (ఫిజీషియన్ అసిస్టెంట్, అంటే డాక్టర్లతో కలిసి పేషెంట్లని చూసి వైద్యం చేసేవాళ్లు) చేసి, ఒక పీఏ ప్రోగ్రామ్‌లో ఫ్యాకల్టీగా రెండో ఏడాదిలో ఉన్నా. పాఠం చెప్పడం అంటే ఏముంది, తెలిసింది చెప్పడమే కదా అనుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే చేరింది చదువు మీద ప్రేమతో కాదు. యూనివర్సిటీలో ప్రమోషన్ అడిగినప్పుడల్లా ఫార్మసీ వాళ్లూ ఫిజికల్ థెరపీ వాళ్లూ ఎప్పుడో డాక్టరేట్‌కి మారిపోయి కూర్చున్నారు, మనది మాత్రం మాస్టర్సే టెర్మినల్ డిగ్రీ, అంటే ఆఖరి డిగ్రీ అని చెప్పుకోవాల్సొచ్చేది (టెర్మినల్ అన్నమాట వార్డులో ఇక బతకని పేషెంట్‌కి వాడతామని తెలిసిన నాకు అదెప్పుడూ వింతగానే ఉండేది). మన వృత్తి మొదలైనప్పుడు ఈ గొడవలేం లేవు, 1965లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ నేవీలో పనిచేసొచ్చిన నలుగురు కోర్‌మెన్‌తో (నేవీలో వైద్య సహాయకులు) మొదలుపెడితే 1967లో ముగ్గురు పూర్తిచేసుకుని బయటికొచ్చారు, వాళ్లకి కావాల్సింది పేషెంట్‌ని చూడటం రావడమే. బ్యాచిలర్సూ మాస్టర్సూ అన్నీ తర్వాత వచ్చి చేరినవే.

సరే ప్రశ్న. అసెస్‌మెంట్ కోర్సులో మనం మన క్లాసుకే పెట్టిన పరీక్షని తెచ్చి, ఒక్కో ప్రశ్నకీ లెక్కలు తీయాలి, ఎంతమంది కరెక్ట్ పెట్టారు, మార్కుల్లో పై 27 శాతం వాళ్లెలా రాశారు, కింది 27 శాతం వాళ్లెలా రాశారు అని. బాగా చదివేవాళ్లు కరెక్ట్‌గా, చదవనివాళ్లు తప్పుగా రాస్తే ఆ ప్రశ్న పనిచేస్తున్నట్టు. నాది తిరగబడింది. రక్తంలో పొటాషియం 7.1 ఉన్న (ప్రమాదకరంగా ఎక్కువ) కిడ్నీ పేషెంట్, ముందు ఏం చేస్తావు అని అడిగా, జవాబు గుండెని కాపాడటానికి ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్. చివర్న కూర్చునే బ్యాచ్ అంతా కాల్షియం పెట్టింది, నా టాపర్లు మాత్రం వరసబెట్టి ఈసీజీ తీస్తాం అన్నారు. బాగా చదివేవాళ్లనీ చదవనివాళ్లనీ ప్రశ్న ఎంత విడదీస్తుందో చెప్పే డిస్క్రిమినేషన్ ఇండెక్స్ మైనస్‌లోకి పోయింది. నాకు ఒళ్లుమండి, పిల్లలు ఓవర్‌థింక్ చేశారండీ అని మా ప్రొఫెసర్‌తో వాదించా. ఆవిడ ఆ కాగితం నా ముందుకి జరిపి, "ఇందులో ఈసీజీ ఎక్కడుంది చూపించండి" అన్నారంతే.

లేదు! ఆ ప్రశ్న రాసిన ముందురోజు రాత్రి షిఫ్ట్‌లో సరిగ్గా అలాంటి పేషెంట్‌ని చూశా, గీతల్లో టీ వేవ్స్ అనేవి గుడారాల్లా లేచి, క్యూఆర్ఎస్ అనే భాగం వెడల్పైపోయి, చూస్తేనే భయం వేసే ఈసీజీ, దానికి పరిగెత్తుకెళ్లి కాల్షియం ఇచ్చా. ఆ పేషెంట్ మొత్తం నా బుర్రలోనే ఉండిపోయాడు, కాగితం మీద మాత్రం ఒక నంబరు పడింది. నా టాపర్లు అడిగింది ఆ తప్పిపోయిన ముక్కనే. కింద వాళ్లు పొటాషియం అంటే కాల్షియం అని బట్టీపట్టింది రాసి మార్కు కొట్టేశారు, ఆ బట్టీ నేర్పింది కూడా నేనేగా. ఆ మార్కులు సరిచేస్తూ స్టూడెంట్లకి మెయిల్ రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది, రాయలేక కాదు, సిగ్గేసి.

ఆ తర్వాత కోర్సుల్లో చాలానే నేర్పారు, నైపుణ్యాన్ని మెట్లుగా కొలిచే మిల్లర్ పిరమిడ్ (తెలియడం, ఎలాగో తెలియడం, చేసి చూపించడం, నిజంగా చేయడం), ఓస్కీ స్టేషన్లు (చేసి చూపించే క్లినికల్ పరీక్షలు), ఏ పాఠం ఎక్కడ చెప్పాలో చూసుకునే కరికులమ్ మ్యాపింగ్, రీసెర్చ్‌కి ఎథిక్స్ అనుమతిచ్చే కమిటీ ఐఆర్‌బీ ఫారాలతో నలిగిన ఆ మూడు నెలలు, వాటి గురించి మాట్లాడకపోవడమే మంచిది.

ఇప్పుడు జూనియర్లు ఫోన్ చేసి ఏ డాక్టరేట్ చేయాలి అన్నా అని అడుగుతుంటారు. డీఎంఎస్సీ (మెడికల్ సైన్స్), డీహెచ్ఎస్సీ (హెల్త్ సైన్స్), ఈడీడీ (ఎడ్యుకేషన్), పీహెచ్‌డీ, అక్షరాలు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. నా లెక్క మోటుగా ఉంటుంది, రీసెర్చే జీవితం అనుకుంటే పీహెచ్‌డీ, ప్రోగ్రామ్ నడపాలనుంటే ఈడీడీ, క్లినిక్ వదలకుండా పాఠం చెప్పాలంటే మిగతావి చూడు, కానీ చేరేముందు సిలబస్ తెప్పించుకుని అందులో పరీక్షలు తయారుచేయడం, కోర్సు డిజైన్ ఎన్ని క్రెడిట్లున్నాయో లెక్కపెట్టు, అవి లేకపోతే నీ పేరు పొడుగవుతుంది అంతే. ఇంకోటి, పట్టా వచ్చాక పేషెంట్ గదిలో డాక్టర్ ఫలానా అని మాత్రం అనకు, నేను ఇప్పటికీ పీఏ అనే చెప్తా, క్లాసులో వాళ్లు ఏమని పిలిచినా పర్లేదు.

ఆ ప్రశ్న ఇంకా వాడుతున్నా. పక్కన ఈసీజీ బొమ్మ పెట్టా. పోయిన పరీక్షలో ఒకమ్మాయి వచ్చి, సార్ మరి బీపీ ఎంతుందో చెప్పలేదేంటి అంది.