కాడల కళ్ల ఈగకు సరైన పేరు రాయడం: నా అనుభవం

లండన్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నాకు ఇచ్చింది మలేషియా అడవుల నుంచి తెచ్చి ల్యాబ్‌లో పెంచుతున్న ఈగలను. తలకు అటూ ఇటూ పొడుగాటి కాడలు, వాటి చివర కళ్లు. కొన్ని మగ ఈగల్లో ఈ కంటికీ ఆ కంటికీ మధ్య దూరం ఒంటి పొడవును మించిపోతుంది.

ప్రయోగాలు సాఫీగానే సాగాయి. టెన్షన్ అంతా రిపోర్టులో పేరు రాసే దగ్గరే. 1990లలో వచ్చిన పేపర్లలో ఈ ఈగ సిర్టోడయాప్సిస్ దాల్మన్ని, ఇప్పటివాటిలో టెలియాప్సిస్ దాల్మన్ని. పేరు ఎందుకు మారిందో చదివి సొంత మాటల్లో రాయమన్నారు మా గైడ్.

ముందు మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. స్పర్శశృంగాలు (యాంటెన్నాలు) కూడా కళ్లతో పాటే కాడల మీద, చివరికి దగ్గరగా ఉన్నాయి. కాడల కళ్లున్న ఈగలు వేరే కుటుంబాల్లోనూ ఉన్నాయి కానీ వాటికి శృంగాలు ముఖం మధ్యలోనే ఉండిపోతాయి. మా ఈగ ఉన్న డయాప్సిడే కుటుంబానికి ఇంతకంటే అందమైన గుర్తు లేదని నాకనిపిస్తుంది.

ఇక పేర్ల సంగతి. రెండు మాటల పేరులో మొదటిది ప్రజాతి (జీనస్), అంటే దగ్గరి జాతుల గుంపు పేరు. డయాప్సిస్ అనే ప్రజాతి లిన్నేయస్ కాలం నాటిది, 1775. వీడెమన్ 1830లో మా ఈగను వర్ణించి అందులోనే చేర్చాడు. తర్వాత రోండాని 1875లో టెలియాప్సిస్‌ను, ఫ్రే 1928లో సిర్టోడయాప్సిస్‌ను ఏర్పరిచారు. మా ఈగ చాలాకాలం ఈ రెండోదాంట్లో ఉంది. 2002లో మైయర్, బేకర్ శరీర లక్షణాలనూ డీఎన్ఏనూ కలిపి పరిశీలించి, ఆ రెండు ప్రజాతులనూ ఒకటి చేశారు. అలా కలిపినప్పుడు ముందు పెట్టిన పేరే నిలవాలన్నది జంతువుల నామకరణ నియమం. అందుకే 1875 నాటి పేరు మిగిలింది.

నాకు బాగా నచ్చింది కుండలీకరణాల పద్ధతి. టెలియాప్సిస్ దాల్మన్ని (వీడెమన్, 1830) అని రాస్తాం. ఆ కుండలీకరణాలు చూడగానే, వీడెమన్ దీన్ని మొదట వేరే ప్రజాతిలో పెట్టాడని తెలిసిన పాఠకుడికి అర్థమైపోతుంది. రెండు చిన్న గీతల్లో అంత సమాచారం!

పాత పేరుతో వెతికితేనే కొన్ని ముఖ్యమైన పేపర్లు దొరికాయి. ఒక రకం ఎక్స్ క్రోమోజోమ్ ఉన్న మగ ఈగలకు దాదాపు అన్నీ ఆడపిల్లలే పుడతాయని చెప్పినవి వాటిలో ఉన్నాయి. కొత్త పేరొక్కటే పట్టుకుని వెతికేవాళ్లకు అవి తప్పిపోవచ్చు. అందుకని రిపోర్టులో ఈగ పేరు మొదటిసారి వచ్చిన చోట పాత పేరు కూడా పక్కనే ఇచ్చాను, కీలక పదాల్లోనూ రెండూ చేర్చాను.