బార్లీలో ప్రోటీన్ శాతం పెరిగిందా? అయితే గింజ సైజు కూడా చూడండి

మనకి బార్లీ అంటే ఎండాకాలం తాగే బార్లీ నీళ్లే గానీ, రాజస్థాన్ రైతుకి అది రబీ పంట. నవంబర్‌లో వేస్తే మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో కోత. మాల్ట్ (గింజని మొలకెత్తించి ఆరబెట్టినది, బీరు లాంటివాటికి వాడతారు) రకాలు వేసినవాళ్లకి గింజలో ప్రోటీన్ మరీ ఎక్కువైనా తంటానే, మాల్ట్ వాళ్లు మామూలుగా 9 నుంచి 11.5 శాతం మధ్యలో అడుగుతారు, అది దాటితే పిండి పదార్థం తగ్గి ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ నుంచి నీళ్లలోకి దిగే సారం) సరిగ్గా రాదు.

ప్రోటీన్ ఎక్కువొచ్చిందంటే చాలు, యూరియా దంచికొట్టాడు అనేస్తారు. అదీ ఒక కారణమే, కాదనను. కానీ నీటి ఎద్దడి వచ్చినా ఇదే జరుగుద్ది. లెక్కకి 45 మిల్లీగ్రాముల గింజలో 4.5 ప్రోటీన్ ఉందనుకోండి, 10 శాతం. అదే గింజ ఎండకి 36 దగ్గరే ఆగిపోయి ప్రోటీన్ 4.2 ఉంటే దాదాపు 11.7 శాతం! నిజానికి ప్రోటీన్ తగ్గింది, శాతం మాత్రం పెరిగింది.

ఎందుకంటే పిండి పదార్థం చాలావరకు అప్పటికప్పుడు ఆకులు తయారుచేసి పంపాల్సిందే, నీళ్లు లేక ఆకు ముందే ఎండిపోతే ఆ సరఫరా ఆగిపోద్ది, కాండంలో దాచుకున్న చక్కెరలు కొంత ఆదుకుంటాయి గానీ పూర్తిగా సరిపోవు. ప్రోటీన్‌కి ముడిసరుకైన నత్రజని అలా కాదు, చాలావరకు ముందే ఆకుల్లో చేరి ఉంటుంది కాబట్టి ఆకు పండిపోతూ కూడా దాన్ని గింజకి పంపేస్తుంది. పూత అయిన మొదటి రెండు వారాల్లో ఎద్దడి వస్తే ఇంకా నష్టం, గింజ లోపలి కణాల సంఖ్య తేలేది అప్పుడే, తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా గింజలో పిండి పట్టే చోటే ఉండదు.

నత్రజని తక్కువైతే కథ వేరు: పిలకలు తగ్గి కంకులు తగ్గుతాయి, ఉన్న గింజల బరువు మాత్రం ఒక్కోసారి బాగానే ఉంటుంది. అసలు ముంచేది మొదట్లో యూరియా ఎక్కువై, చివర్లో నీళ్లు లేకపోవడం. చేను ఏపుగా పెరిగి నేలలో తేమంతా ముందే తాగేస్తుంది, తీరా గింజ నిండే టైంకి ఏమీ మిగలదు. 2022 మార్చి లాంటి ఎండలు తోడైతే (దేశంలో 1901 నుంచి అప్పటిదాకా అంత వేడి మార్చి లేదు) ఇక చెప్పక్కర్లేదు.

అందుకే రాజస్థాన్‌లో నత్రజని సగం విత్తేటప్పుడు, సగం మొదటి తడితో వేస్తారు. ఒక్క తడికే నీళ్లుంటే విత్తిన 30-35 రోజులకి పిలకల దశలో, రెండోది ఉంటే 65-70 రోజులకి. ఇంకా నీళ్లుంటే పాలుపోసుకునేటప్పుడు ఇవ్వొచ్చు, కాకపోతే గాలి లేని రోజు చూసుకోవాలి, లేదంటే బరువెక్కిన కంకులతో చేను పడిపోద్ది.