93.5 మీద రెండు ఊళ్లు: భీమడోలు నుంచి రేడియో లాగ్

భీమడోలు నుంచి విజయవాడ గాలిలో సూటిగా కొలిస్తే 75 కిలోమీటర్లు ఉంటుంది. రాజమండ్రి 60. రెండు ఊళ్లలోనూ రెడ్ ఎఫ్.ఎం. ఉంది, రెండూ 93.5 మెగాహెర్ట్జ్ మీదే. జింగిల్ ఒకటే, భాష ఒకటే, వేసేవి సినిమా పాటలే. ఒకప్పుడు రెండింటికీ ఎస్ ఎఫ్.ఎం. అని పేరు. పేరు మారింది గానీ ఫ్రీక్వెన్సీ మారలేదు. మామూలు ట్రాన్సిస్టర్ పెడితే ఒక నిమిషం విజయవాడ, ఒక నిమిషం రాజమండ్రి, మధ్యలో గరగర. వింటున్నది ఎవరినో పేరు తెలుస్తుంది, ఊరు తెలియదు.

కాబట్టి ఈ సీజన్‌కి ఒకటే పని పెట్టుకున్నాను. విన్న స్టేషన్లు రాసుకునే పుస్తకంలో ఎక్కించే ప్రతి స్టేషన్ పక్కనా ఊరి పేరు ఖాయంగా ఉండాలి. సందేహముంటే రాయను.

నవంబర్

రేడియో టెక్సన్ పీఎల్-310ఈటీ. దీన్ని ఎంచుకున్నది తెర మీద సిగ్నల్ బలం, గరగరతో పోలిస్తే దాని నిష్పత్తి రెండూ అంకెల్లో చూపిస్తుందని. చెవిని నమ్మితే "నిన్నటికంటే బాగుందేమో" దగ్గరే ఆగిపోతాం.

ఎఫ్.ఎం.లో ఒక గుణం ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సిగ్నళ్లు వస్తే, కొంచెం బలంగా ఉన్నది రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. మీడియం వేవ్‌లోలా రెండు గొంతులూ కలిసి వినపడవు. నాకు కష్టమూ అదే, దారీ అదే. రెండూ సమానంగా ఉంటే గిలగిల్లాడుతుంది; ఒకదాన్ని ఐదారు డెసిబెల్స్ (సిగ్నల్ బలానికి కొలత) తగ్గించగలిగితే చాలు, రెండోది శుభ్రంగా నిలబడుతుంది.

పైగా విజయవాడ మాకు పడమర నైరుతిగా, రాజమండ్రి దాదాపు దానికి ఎదురు దిక్కున ఉన్నాయి. యాగీ యాంటెన్నాని, అంటే ఒక దిక్కు సిగ్నల్‌నే ఎక్కువగా పట్టే కడ్డీల యాంటెన్నాని, ఒకదానివైపు తిప్పితే రెండోది దాని వీపు వెనక్కి పోతుంది. భూగోళం ఈ ఒక్క విషయంలో మనవైపుంది.

మూడు కడ్డీల యాగీ కొలతలు, 93.5 కోసం: మధ్య డైపోల్ (కేబుల్ తగిలించే కడ్డీ) 1.53 మీటర్లు, నడిమికి రెండు ముక్కలు. వెనక రిఫ్లెక్టర్ 1.62, దానికీ డైపోల్‌కీ మధ్య ఎడం 64 సెంటీమీటర్లు. ముందు డైరెక్టర్ 1.44, ఎడం 48. కడ్డీలు బట్టలు ఆరేసుకునే స్టాండ్లకి వాడే సన్న అల్యూమినియం గొట్టాలు, వాటిని బిగించే బూమ్ పీవీసీ పైపు. డిష్ కేబుల్ నడిమి తీగ ఒక ముక్కకి, పైజాలీ రెండో ముక్కకి. కలిపిన చోటికి దగ్గర్లోనే కేబుల్‌ని అరచేయంత చుట్టలుగా ఐదారు చుట్లు చుట్టి టేపు వేయండి. లేకపోతే కేబులే యాంటెన్నాగా మారి నాలుగు దిక్కులవీ లాక్కొస్తుంది, యాగీ కట్టిన ఫలితం ఉండదు. అతుకుల మీద ఎంసీల్ పెట్టండి. కొల్లేటి గాలికి రాగి ఎంత త్వరగా పచ్చబడుతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన పైపుకి బిగించి, చేత్తో తిప్పుకునేలా పెట్టాను. మోటారూ గీటారూ లేవు.

డిసెంబర్, జనవరి

విజయవాడవైపు తిప్పగానే 93.5 నిలబడింది. రాజమండ్రివైపు తిప్పితే అదీ నిలబడింది. అయినా నియమం నియమమే, ఊరు రుజువు కావాలి. ప్రైవేటు ఎఫ్.ఎం.లు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలని తిరిగి వేసుకోవచ్చు, అంతే. అంటే వార్తల్లో ఊరి ఆనవాలు దొరకదు. మిగిలింది ప్రకటనలు. బీసెంట్ రోడ్డు బట్టల షాపు వస్తే విజయవాడ. దేవీచౌక్ అన్నా తాడితోట అన్నా రాజమండ్రి. పండగ ముందు ఈ పని సులువు, షాపులవాళ్లు అడ్రసు రెండేసిసార్లు చెబుతారు. సంక్రాంతి వెళ్లాక ప్రకటనలు పల్చబడి, ఒక్క ఊరి పేరు కోసం అరగంట కూర్చోవాల్సి వస్తుంది.

98.3 మిర్చి విజయవాడలోనూ విశాఖలోనూ ఉంది గానీ, ఇక్కడికి విశాఖ దూరం కాబట్టి గొడవ తక్కువ. ఆకాశవాణి ఎఫ్.ఎం. రెయిన్‌బో స్టేషన్లతో అసలు చిక్కే లేదు. విజయవాడది 102.2, పైగా కృష్ణవేణి అని సొంత పేరుంది. విశాఖది 102. అంకె చూస్తే ఊరు తెలిసిపోతుంది.

మీడియం వేవ్‌లో ఈ మర్యాద ఎప్పటినుంచో ఉంది. 837 కిలోహెర్ట్జ్ అంటే విజయవాడ, 738 అంటే హైదరాబాద్, 927 విశాఖ, 900 కడప. మా నాన్నగారి మర్ఫీ డయల్ మీద అంకెలు చెరిగిపోయినా ముల్లు ఎక్కడ ఆపాలో ఇంట్లో అందరికీ తెలుసు. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ కేంద్రానికి అంకే ఇంటిపేరులా ఉండేది. ఎఫ్.ఎం. వచ్చాక అంకె కంపెనీది అయిపోయింది. బలహీనమైన సిగ్నల్ వినేవాడికి ఇదే అసలు దెబ్బ అని నా అభిప్రాయం. వాట్లు తగ్గితే యాంటెన్నా పెంచుకుంటాం. గుర్తు పోతే ఏం చేస్తాం?

పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో, 90.4, మొదలైంది 2008 అక్టోబర్ 15న. కమ్యూనిటీ రేడియోలకి ఇచ్చేది వంద వాట్లే. అది ఇక్కడికి రాదు, రావాలనీ అనుకోను. కానీ వినపడే ఊళ్లలో అది ఏ ఊరి రేడియోనో ఎవరూ ప్రకటనలు వెతుక్కోరు.

మీడియం వేవ్ గొడవ

పగలు 837కి ఏ ఏర్పాటూ అక్కర్లేదు. 738 హైదరాబాద్ మాత్రం 200 కిలోవాట్లు అయినా మూడు వందల కిలోమీటర్ల దూరం. దానికి లూప్, అంటే తీగ చుట్ల యాంటెన్నా, కట్టాను. 60 సెంటీమీటర్ల చదరపు చెక్క చట్రం, దాని మీద 12 చుట్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య అర సెంటీమీటరు కన్నా కాస్త ఎక్కువ ఎడం. తీగ 30 మీటర్లు పడుతుంది. పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్‌ని (స్టేషన్ మార్చడానికి తిప్పే భాగం) రెండు కొసలకీ కలపాలి. రేడియోకి తీగ పెట్టక్కర్లేదు, లూప్ పక్కన పెట్టి గ్యాంగ్ తిప్పితే ఒక చోట సిగ్నల్ ఒక్కసారిగా లేస్తుంది. రేడియో లోపలి ఫెర్రైట్ కడ్డీ (దాని సొంత యాంటెన్నా), లూప్ చుట్ల నడిమి అక్షం ఒకే దిక్కుకి ఉండాలి, అది మరిచిపోకండి.

లూప్ అసలు విలువ లాక్కురావడంలో కన్నా తోసేయడంలో ఉంది. మా చుట్టూ చేపల చెరువులు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల ప్యానెళ్లలో ఎక్కడ స్పార్క్ ఉన్నా 600 నుంచి 900 దాకా బ్యాండంతా బుర్రుమంటుంది. లూప్‌ని తిప్పుతూ పోతే ఒక కోణంలో ఆ మోత సగానికి పైగా పడిపోతుంది. ఇంట్లోవి వేరే సంగతి: బ్యాటరీ రేడియో పట్టుకుని, ఒక్కొక్క ఎల్ఈడీ బల్బూ ఛార్జరూ ఆపుకుంటూ తిరిగితే దొంగ దొరుకుతుంది. మా ఇంట్లో ఇద్దరు దొంగలు: వసారా బల్బు, ఫోన్ ఛార్జర్. కరెంటు పోయిన సాయంత్రాలు మాత్రం పండగే, పక్కింటి ఇన్వర్టర్ లేచేదాకా.

738, 837లలో డిజిటల్ కూడా కలిపి ప్రసారం చేసే వేళల్లో పై పక్కన, అంటే 747, 846 దగ్గర, కుళాయి విప్పినట్టు హోరు వినపడుతుంది. అది ఇంటి నాయిస్ కాదు, బల్బులు ఆపినా పోదు. 738ని 736 లేదా 737 దగ్గర ట్యూన్ చేసి బ్యాండ్‌విడ్త్ (రేడియో ఒకేసారి పట్టే వెడల్పు) 3 కిలోహెర్ట్జ్‌కి తగ్గిస్తే మాట అర్థమవుతుంది. పాటకి మాత్రం అన్యాయమే.

రాత్రి పొద్దుపోయాక దూరాలు తెరుచుకుంటాయి. చెన్నై 720, బెంగళూరు 612, శ్రీలంక పుత్తళం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో 882. ఒకప్పుడు అర్ధరాత్రి దిక్కు నాగపూర్ 1566, పది లక్షల వాట్ల నేషనల్ ఛానల్. అది 2019కి వచ్చేసరికి మూతపడింది. హైదరాబాద్ షార్ట్ వేవ్ 4800 కూడా లేదు.

ఆకాశవాణి స్టేషన్లని ఖాయం చేసుకోవడానికి ఒక చిట్కా: ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో అదే కేంద్రం పెట్టండి. యాప్‌లో మాట కొంత ఆలస్యంగా వస్తుంది. రేడియోలో విన్న వాక్యం కాసేపటికి ఫోన్‌లోనూ వస్తే ఇక అనుమానం లేదు. యాప్ ఉండగా రేడియో ఎందుకని మా తమ్ముడు అడిగాడు. చెరువు గట్టున చేప దొరుకుతుంటే మార్కెట్‌కి ఎందుకు పోలేదని ఎవరైనా అడుగుతారా అన్నాను. వాడికి నచ్చలేదు.

ఫిబ్రవరి చివర

ఎండలు మొదలయ్యాక సముద్రం మీద, తీరం వెంబడి చల్లగాలి పొర మీద వేడిగాలి పొర పరుచుకుంటుంది. ఎఫ్.ఎం. తరంగాలు ఆ రెండింటి మధ్య ఇరుక్కుని వందల కిలోమీటర్లు పోతాయి. తెల్లవారుజామున యాగీని దక్షిణ ఆగ్నేయానికి, కొల్లేరువైపు తిప్పాను. అలా తిప్పితే విజయవాడ, రాజమండ్రి రెండూ డైపోల్ కొసల వైపుకి పోతాయి, అంటే రెండూ ఒకేసారి తగ్గుతాయి. 93.5 మీద గరగర మిగిలింది. కాసేపటికి దాన్లోంచి తమిళం. చెన్నై సూర్యన్ ఎఫ్.ఎం., అదీ 93.5 మీదే, నాలుగు వందల కిలోమీటర్ల పైన. ఎండెక్కేసరికి పోయింది. అదే పొద్దున 101.4లో చెన్నై రెయిన్‌బో కూడా కాసేపు అందింది.

ఇక ముందు

2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్.ఎం. ఛానళ్ల వేలానికి ఒప్పుకుంది. ఏలూరులో ఒక్కటి వచ్చినా నా బ్యాండులో ఖాళీలు కొన్ని పూడిపోతాయి. అందుకని ఇప్పుడే 88 నుంచి 108 దాకా ప్రతి ఖాళీ ఫ్రీక్వెన్సీనీ మూడు దిక్కుల్లో విని రాసిపెడుతున్నాను. 96 దాకా అయింది. వర్షాలకి ముందు రిఫ్లెక్టర్ బిగింపు మార్చాలి, ఈదురుగాలికి కిందికి వాలుతోంది. అయిదు కడ్డీలకి పెంచాలంటే పీవీసీ బూమ్ ఆగదు, చదరపు అల్యూమినియం పైపు కొనాలి.