చంకల కింద పాతగుడ్డలు

పురుషుల కూడిక అనగానే వాక్యం ఎక్కడ తెరుస్తారో ముందే చెప్పేయొచ్చు. గొల్యాతు ముందు దావీదు, యెరికో గోడ ముందు యెహోషువ, లేదంటే గాజా గుమ్మపు తలుపులు ఊడబెరికిన సమ్సోను. చివర్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయం 13వ వచనం: “పౌరుషముగలవారై యుండుడి, బలవంతులై యుండుడి.” అందరం గట్టిగా ఆమేన్ అంటాం, భోజనాలు చేస్తాం, ఇంటికొస్తాం. ఆ వెంటనే 14వ వచనం ఉంది, “మీరు చేయు కార్యములన్నియు ప్రేమతో చేయుడి” అని. ఇన్నేళ్లలో ఒక్క పురుషుల కూడికలో కూడా దాన్ని ఎవరూ చదవగా నేను వినలేదు. పౌలు రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు. మనం మాత్రం పౌరుషం దగ్గరే బైబిలు మూసేస్తున్నాం.

మొన్నటి కూడిక కూడా అలాగే ముగిసింది. ఇంటికొచ్చాక మనసు ఒప్పుకోలేదు. యిర్మీయా 38వ అధ్యాయం తెరిచాను. నా బైబిల్లో ఆ పేజీ అంచు నలిగి మెత్తబడిపోయింది, అన్నిసార్లు తిప్పాను దాన్ని.

సంగతి మీకు తెలిసిందే. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది, పట్టణంలో రొట్టె అయిపోవస్తోంది, లొంగిపోతేనే బతుకుతారని ప్రవక్త యిర్మీయా చెబుతున్నాడు. అధిపతులకు ఆ మాట గిట్టలేదు. సిద్కియా రాజు “రాజు మీకు అడ్డము రాజాలడు” అని చేతులు దులుపుకున్నాడు. సింహాసనం మీద కూర్చున్న మనిషి అనాల్సిన మాటేనా అది! మల్కీయా అనే రాజకుమారుడి గోతిలోకి ప్రవక్తను తాళ్లతో దింపేశారు. అందులో నీళ్లు లేవు, బురదే. ఆ బురదలో యిర్మీయా దిగబడిపోయాడు.

అప్పుడు వచ్చాడు ఎబెద్మెలెకు.

ఈయన్ని గురించి ఆలోచిస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. ఎబెద్మెలెకు అంటే ‘రాజు సేవకుడు’ అని అర్థం. అది తల్లిదండ్రులు పెట్టిన పేరో, రాజనగరులో చేసే పనిని బట్టి అందరూ పిలిచిన పిలుపో కూడా మనకు తెలియదు. ప్రవక్తను చంపించాలని పట్టుబట్టిన అధిపతుల పేర్లు మాత్రం తండ్రుల పేర్లతో సహా ఆ అధ్యాయం మొదటి వచనంలోనే ఉన్నాయి. అంతేకాదు, యెరూషలేములో దావీదు పట్టణం తవ్వకాల్లో 2005లో షెలెమ్యా కుమారుడైన యూకలు పేరున్న మట్టి ముద్ర, 2008లో పషూరు కుమారుడైన గెదల్యా పేరున్న ముద్ర దొరికాయి. గోరంత మట్టిబిళ్లలు. గోతిలోకి దింపించినవాళ్ల ముద్రలు 2600 ఏళ్ల తర్వాత కూడా చేతికి దొరుకుతున్నాయి. పైకి లాగినవాడికి మిగిలింది ఒక ఉద్యోగం పేరు మాత్రమే.

పైగా ఆయన కూషీయుడు, ఐగుప్తుకు దక్షిణాన ఉన్న దేశంవాడు. “కూషుదేశస్థుడు తన చర్మమును మార్చుకొనగలడా?” అని ఇదే యిర్మీయా 13వ అధ్యాయంలో అడిగాడు. అది యూదా జనం మారని గుణాన్ని గురించి చెప్పిన పోలిక. కానీ గోతిలోంచి తల పైకెత్తి చూసినప్పుడు ఆ వెలుతురులో ప్రవక్తకు కనిపించింది ఒక కూషీయుడి ముఖమే. అది చదివిన ప్రతిసారీ కాసేపు ఆగిపోతాను.

అన్నిటికీ మించి ఆయన నపుంసకుడు. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం ప్రకారం అలాంటివాడికి యెహోవా సమాజంలో చోటు లేదు. మగతనం గురించి మనం ఏ లెక్కలు వేసుకున్నా అందులోకి రాని మనిషి. వంశం లేదు, కొడుకు లేడు, మీసం తిప్పడానికి ఏమీ లేదు. పట్టణమంతటిలో మగవాడు చేయాల్సిన పని ఆ రోజు చేసింది ఈయనొక్కడే. దేవుడు ఈ మనిషిని ఎందుకు ఎంచుకున్నాడో మన పురుషుల కూడికల్లో కూర్చుని ఆలోచించాలి.

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది గుడ్డల గురించి.

ఎబెద్మెలెకు వెళ్లి అడిగితే, ప్రవక్తను పైకి తీయమని రాజు సెలవిచ్చాడు, 30 మందిని ఇచ్చాడు. ప్రవక్త ఆకలితో చచ్చిపోయేలా ఉన్నాడు. అధిపతులకు తెలిస్తే ఏ క్షణంలోనైనా అడ్డుపడొచ్చు. నేనైతే నేరుగా గోతి దగ్గరికి పరిగెత్తేవాణ్ని. ఎబెద్మెలెకు అలా చేయలేదు. ఆ మనుషుల్ని వెంటబెట్టుకుని ముందు రాజనగరులో ఖజానా కింద ఉన్న గదిలోకి వెళ్లాడు. పాతబడి చిరిగిపోయిన గుడ్డలు ఏరుకున్నాడు. ఖజానాలో ఏముందో రాజుకు తెలుసు, దాని కింద ఏం పడి ఉందో సేవకుడికి తెలుసు. ఆ గుడ్డల్ని పైనుంచి విసిరేయలేదు, తాళ్లతో దింపాడు. విసిరితే బురదలో పడి తడిసిపోయేవి. దింపి, ఇవి చంకల కింద పెట్టుకో, వాటి మీదుగా తాడు వేసుకో అని నోటితో చెప్పాడు. యిర్మీయా అలాగే చేశాడు. అప్పుడు పైకి చేదుకున్నారు.

యుద్ధాల గురించి ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయే లేఖనం, చిరిగిన గుడ్డల గురించి రెండు వచనాలు రాసింది. పరిశుద్ధాత్మకు మాటలు వృథా చేసే అలవాటు లేదు.

తాడు ఏం చేస్తుందో నాకు చిన్నప్పుడే తెలుసు. మాది పల్నాడు వైపు మెట్ట ఊరు. ఎండాకాలం నీళ్లు అడుగంటితే మా నాన్న బావుల్లో పూడిక తీయడానికి దిగేవాడు. నడుముకూ చంకల కిందా మోకు కట్టుకుని దిగేవాడు, పైన నలుగురు పట్టుకునేవాళ్లు. ఒకసారి తొందరలో మోకు కింద గోనెపట్టా మడత పెట్టకుండానే దిగాడు. బురదలోంచి మనిషిని లాగడమంటే ఒట్టి మనిషిని లాగినట్టు కాదు, కిందనుంచి బురద పట్టుకు లాగుతుంది, బరువు రెండింతలవుతుంది. ఆ బరువంతా చంకల దగ్గరే పడుతుంది. ఆ రాత్రి చొక్కా విప్పితే చూశాను, చంక కింద నుంచి వీపు దాకా చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా గీత. అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు. వారం రోజులు చేతులు శరీరానికి తగలకుండా ఎడంగా పెట్టుకుని నడిచాడు. లాగినవాళ్లు మంచివాళ్లే, వాళ్లు లాగబట్టే ప్రాణంతో పైకొచ్చాడు. అయినా గాయం గాయమే.

సహోదరులారా, మన సహాయాలు చాలావరకు గుడ్డలు లేని తాళ్లు.

2020లో బడులు మూతపడ్డప్పుడు నా జీతం ఆగిపోయింది. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ని. మూడో నెలకు ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. తెలిసినవాళ్లు కొందరు బియ్యం బస్తా, నూనె ప్యాకెట్లు తెచ్చారు. దేవుడు వాళ్లను దీవించును గాక, ఆ బియ్యమే తిన్నాం. కానీ గుమ్మంలో నన్నూ నా భార్యనూ బస్తాకు చెరోవైపు నిలబెట్టి ఫోటో తీశారు. సాయంత్రానికి అది వాట్సాప్ గ్రూపులో ఉంది. నా దగ్గర చదువుకున్న పిల్లలు కూడా ఆ గ్రూపులో ఉన్నారు. ఆ రాత్రి అన్నం ముద్ద దిగలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఆరాధనలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఒక అన్న చీకటిపడ్డాక వచ్చాడు. వెల్డింగ్ పని చేస్తాడు, నలుగురిలో ప్రార్థన చేయమంటే కూడా తడబడే మనిషి. గేటు దగ్గరే నిలబడి, “మాస్టారూ, మావాడు పదో తరగతికొచ్చాడు, లెక్కల్లో బాగా వెనకబడ్డాడు, మీరు కాస్త చూడాలి” అన్నాడు. మూడు నెలల ఫీజు ముందే చేతిలో పెట్టాడు. నేనడిగిన సహాయం కాదది, ఆయన నన్ను అడిగిన సహాయం. తల ఎత్తుకుని తీసుకున్నాను.

రెండో వారంలో ఆ పిల్లాడి నోట్సు తిరగేస్తుంటే వర్గ సమీకరణాల అధ్యాయం మొత్తం అప్పటికే చేసేసి ఉంది. పక్కన ఎర్ర ఇంకుతో టిక్కులు, కింద ఎవరిదో సంతకం. ఇంకో మాస్టారి దగ్గర ట్యూషన్ అప్పటికే నడుస్తోందన్నమాట. నేను తలెత్తి చూస్తే వాడు తల దించుకుని, “నాన్న చెప్పొద్దన్నాడు సార్” అన్నాడు. నేనేమీ అడగలేదు. తర్వాతి లెక్క తీయమన్నాను.

ఆ అన్న ఏ సెమినరీలో చదివాడు ఈ పాఠం? ఎబెద్మెలెకు పేరు ఆయన విని ఉంటాడని కూడా నేననుకోను.

ఇక నేను చేసిన పని చెప్పాలి, లేకపోతే ఇదంతా రాసే హక్కు నాకు లేదు. ఏడాదిన్నర క్రితం మా సంఘంలో ఒక తమ్ముడు తాగుతున్నాడని తెలిసింది. నిజమే, ఆయన తాగుతున్నాడు. నేను సంఘపెద్దని. మీటింగులో అందరి ముందూ లేచి నిలబడమన్నాను, వచనాలు చూపించి గద్దించాను. ఒక్క మాట కూడా వాక్యం దాటి మాట్లాడలేదు. ఆయన ముందున్న కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మం దగ్గర ఆయన భార్య చంటిబిడ్డను ఎత్తుకుని ఉంది. బిడ్డ ఏడుస్తున్నా అక్కడినుంచి కదల్లేదు ఆమె. ఆ తర్వాతి ఆదివారం నుంచి వాళ్లు రాలేదు. నేనప్పుడు నా ధైర్యానికి నన్ను నేను మెచ్చుకున్నాను. “నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు అతనిని గద్దించుము” అని ప్రభువు మత్తయి 18లో ముందు చెప్పిన మాట నాకు తెలియక కాదు. ఖజానా కింద గదిలోకి వెళ్లే ఓపిక లేకపోయింది.

ఎబెద్మెలెకు గట్టిగా మాట్లాడలేదా? మాట్లాడాడు. రాజు బెన్యామీను ద్వారం దగ్గర కూర్చుని ఉండగా, నలుగురూ తిరిగే చోట, “ఈ మనుష్యులు చేసినది యావత్తును అన్యాయము” అని మొహమాటం లేకుండా చెప్పాడు. అధికారంలో ఉన్నవాళ్ల తప్పును బహిరంగంగా అన్నాడు. పడిపోయినవాడి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, చంకల కింద గుడ్డలు పెట్టుకోమన్నాడు. మనం సరిగ్గా దీన్ని తిరగేస్తాం. డబ్బున్నవాడి తప్పును గుసగుసలాడతాం, లేనివాడి తప్పును మైకులో చెబుతాం.

ఇంకొక్క మాట. ఆయనకు భయం లేదని అనుకోకండి. 39వ అధ్యాయంలో దేవుడు ఆయన కోసం ప్రత్యేకంగా వాక్కు పంపాడు. పట్టణం కూలిపోతుంది, నువ్వు మాత్రం తప్పించుకుంటావు, “నీవు భయపడు మనుష్యుల చేతికి” నిన్ను అప్పగించను అన్నాడు. అంటే ఆయన భయపడుతూనే ఉన్నాడు. రాజు ఎదుట నిలబడినప్పుడూ, గుడ్డలు ఏరుతున్నప్పుడూ, తాడు లాగుతున్నప్పుడూ లోపల భయం ఉంది. ఆయన నిద్ర పట్టని రాత్రుల సంగతి ఎవరికీ తెలియకపోయినా దేవుడికి తెలుసు. నీవు నన్ను నమ్ముకున్నావు కాబట్టి అన్నాడు దేవుడు. నీ సాహసాన్ని బట్టి అనలేదు.

అన్నలారా, తమ్ముళ్లారా, మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. ఫెయిలైన కొడుకును చుట్టాల ముందు అడగకండి. భార్య చేసిన పొరపాటును అత్తగారింట్లో చెప్పి నవ్వించకండి. సంఘంలో ఎవరికైనా డబ్బిస్తే సాక్ష్యంలో ఆ పేరెత్తకండి. “ప్రార్థిస్తాం బ్రదర్” అని చెప్పి వెళ్లిపోకండి, ప్రార్థించండి, ఆ తర్వాత వెళ్లి తాడు పట్టుకోండి. ఎవరినైనా సరిదిద్దాలంటే ముందు వాళ్లకు ఎక్కడ ఒరుసుకుంటుందో చూడండి. ఆ చోట పెట్టడానికి మీ దగ్గర పాతవి ఏమున్నాయో వెతకండి. మీరు కూడా ఒకప్పుడు పడ్డారు కదా, ఆ సంగతి చెప్పండి. చిరిగిన గుడ్డలంటే అవే అనిపిస్తుంది నాకు.

నేను అందరి ముందూ గద్దించిన ఆ తమ్ముడు, మందిరానికి వస్తున్న రోజుల్లో మైక్ సెట్ ఆయనే చూసుకునేవాడు. ఆయన మానేసినప్పటి నుంచి స్పీకర్లో గుయ్యిమని ఒకటే మోత, పాట మొదలయ్యే ముందు ఎవరో ఒకరు లేచి వైర్లు కదుపుతుంటారు. రేపు సాయంత్రం ఆయన పనిచేసే షాపు దగ్గరికి వెళ్తున్నాను, ఒక్కణ్నే. ముందు క్షమించమని అడగాలి. ఆ తర్వాత, ఆయన ఇంకా నా మాట వింటూ నిలబడితే, మైక్ సంగతి చూడటానికి వస్తావా తమ్ముడూ అని అడుగుతాను. నా కోసం కాదు, ఆయన కోసం, గుమ్మం దగ్గర నిలబడిపోయిన ఆ చెల్లి కోసం మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.