తలుపు చప్పుడైన తర్వాత

మంగళవారం, రాత్రి

పొద్దున గాలికి తలుపు ధడాల్న కొట్టుకుంది. పీటీఎస్‌డీతో, అంటే ఘోరమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్యతో, బతుకుతున్న మనిషి ఉన్న ఇంట్లో, ఆ చప్పుడు తర్వాతి పది నిమిషాలు ఎలా గడిచాయన్నదాన్ని బట్టే మిగతా రోజు ఉంటుంది.

ఒళ్లు ముందు ఉలిక్కిపడుతుంది, బుద్ధి ఆ తర్వాత మేలుకుంటుంది. తలుపేనని తెలిసినా గుండెదడ అప్పటికప్పుడు తగ్గదు. అందుకే "ఊరికే భయపడతావేంటి" అనే మాట వల్ల ఒరిగేదేం లేదు, పైగా సిగ్గు తోడవుతుంది. పాదాలు రెండూ నేలకి ఆనించాలి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలాలి. కంటికి కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి అనాలి. చాలామంది తప్పు చేసేది ఊపిరి దగ్గరే: గబగబా, గట్టిగా పీలుస్తారు. తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయం ఇంకా పెరుగుతుంది. ఇది గాభరాలో నేర్చుకునే విద్య కాదు. మనసు కుదురుగా ఉన్న పూట అలవాటు చేసుకుంటేనే అవసరానికి అందుతుంది.

పక్కనున్నవాళ్లు వెనకనుంచి భుజం మీద చెయ్యి వేయకూడదు. ఎదురుగా వచ్చి, పేరు పెట్టి పిలిచి, "చెయ్యి పట్టుకోనా?" అని అడగాలి. వద్దంటే కాస్త దూరంలో కూర్చోవాలి, అంతే.

అసలు చిక్కు మధ్యాహ్నం వచ్చింది, బయటికి వెళ్లే పని రూపంలో. "నువ్వు రావద్దులే, నేను చూసుకుంటా" అనడం ప్రేమే. కానీ తప్పించుకున్న ప్రతిసారీ ఆ చోటు నిజంగానే ప్రమాదమని మెదడు ఇంకొంచెం నమ్ముతుంది. భయపెట్టేవాటిని థెరపిస్టు సాయంతో కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం నేర్పే ఎక్స్‌పోజర్ చికిత్సలో సాధారణంగా 8 నుంచి 15 వారాలు పట్టేది ఈ నమ్మకాన్ని విప్పడానికే. నిజానికి ప్రమాదం లేని చోట్లనే ఎంచుకుని, 0 నుంచి 100 వరకు భయానికి మార్కులు వేసి, 40 దగ్గరున్నదానితో మొదలుపెడతారు. భయం తారస్థాయిలో ఉండగా వెనక్కి వచ్చేస్తే "పారిపోయాను కాబట్టే బతికాను" అనే పాఠమే మిగులుతుంది. థెరపిస్టు లేకుండా ఇంట్లోవాళ్లు బలవంతాన తీసుకెళ్లడం మాత్రం చికిత్స కిందకి రాదు.

మందుల సంగతి రెండు ముక్కల్లో: పీటీఎస్‌డీకి ఇచ్చే సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టరుకి చెప్పకుండా ఆపేయకూడదు. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది గానీ తెల్లవారుజామున ఆ నిద్రని చెడగొడుతుంది. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, వెంటనే సాయం పిలవాలి.

పీడకలల పని పగలే చేయాలి. కలని కాగితం మీద రాసి, కథ మార్చి, కొత్త కలని రోజూ 10 నుంచి 20 నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోవాలి. అన్నిటికంటే భయంకరమైన కలతో మొదలుపెడితే రెండోరోజే వదిలేస్తారు. చిన్నదానితో మొదలుపెట్టడం నయం.

తలుపు కింద ఇందాకే చెక్కముక్క దూర్చాం. ఇదీ తప్పించుకోవడమేనా అని ప్రశ్న వచ్చింది. కాదు, గాలికి కొట్టుకునే తలుపుని ఎవరైనా ఆపుతారు. ఆ గదిలోకి వెళ్లడమే మానేస్తే అప్పుడు అడగాలి.