పలాసలో నడవని ఫైలు

మావయ్యకి పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఎవరు ఎన్ని కిలోలు ఒలిచారు, 240 ఎంత, 320 ఎంత (పౌనుకి తూగే పప్పుల సంఖ్యే గ్రేడు పేరు) అన్న లెక్కకి పైథాన్‌లో ఓ ప్రోగ్రాం రాసిచ్చాను. అక్కడి కంప్యూటర్ ముసలిది. విండోస్ మోయలేకపోతోందని ఎప్పుడో నేనే ఉబుంటు 16.04 (లినక్స్‌లో ఓ రకం) వేశాను. ఇంటర్నెట్ లేదు.

నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04. పైఇన్‌స్టాలర్‌తో అంతా ఒకే ఫైలుగా కట్టి, పెన్ డ్రైవ్‌లో వేసుకుని శ్రీకాకుళం నుంచి బస్సెక్కాను. అక్కడ డబుల్ క్లిక్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. టెర్మినల్ తెరిస్తే తెలిసింది: 'జీలిబ్‌సీ 2.35 నాట్ ఫౌండ్'. జీలిబ్‌సీ అంటే లినక్స్‌లో దాదాపు అన్ని ప్రోగ్రాంలూ ఆధారపడే సీ లైబ్రరీ. ఆ మెషీన్‌లో ఉన్నది దాని 2.23 వెర్షన్.

"ఏటిరా, ఆడదా?" అన్నాడు మావయ్య. జీతాల రోజు. బయట ఆడవాళ్లు వరుసలో కూర్చున్నారు. ఆ పూటకి ఎర్ర అట్ట పుస్తకమే గతి.

ఒకే ఫైలు కదా అని మోసపోయాను. పైఇన్‌స్టాలర్ చేసేది మూట కట్టడమే. నడిపిన ప్రతిసారీ మూట విప్పి, పైథాన్‌ని, లైబ్రరీలని టెంప్ ఫోల్డర్‌లో పరుస్తుంది. జీలిబ్‌సీని మాత్రం మూటలో పెట్టదు. చద్దన్నం కట్టుకుని, నీళ్లు అక్కడ దొరక్కపోతాయా అని బయల్దేరినట్టు.

పాత ఉబుంటు కంటైనర్‌లో (ల్యాప్‌టాప్ లోపలే విడిగా ఉండే లినక్స్ గదిలాంటిది) కట్టుంటే సరిపోయేది. పాత జీలిబ్‌సీ మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, తిరగేస్తేనే తంటా. కానీ నాకు పట్టుదల వచ్చింది, నీళ్లు కూడా మూటలోనే ఉండాలని.

ఆల్పైన్ అనే చిన్న లినక్స్ కంటైనర్‌లో, జీలిబ్‌సీకి బదులు వాడే మసల్ మీద, పైథాన్‌ని స్టాటిక్‌గా, అంటే లైబ్రరీలన్నీ ప్రోగ్రాం లోపలే కలిసిపోయేలా, కంపైల్ చేశాను. రెండు రాత్రులు లెక్కలు దాచే డేటాబేస్ ఎస్‌క్యూలైట్ దగ్గరే పోయాయి. మామూలుగా అలాంటి మాడ్యూల్స్ విడి ఫైళ్లుగా ఉండి, నడిచేటప్పుడు లోడవుతాయి. స్టాటిక్ ప్రోగ్రాంలో మసల్ ఆ పని చేయదు. అందుకని వాడే ప్రతి మాడ్యూల్‌నీ సెటప్ ఫైల్‌లో పేరుపేరునా రాసి, పైథాన్ లోపలే కలిపేయాలి. ఒకటి మర్చిపోతే మళ్లీ మొదటికి.

నచ్చిన సంగతి ఒకటి. జిప్ ఫైలుకి విషయసూచిక చివర్లో ఉంటుంది. కాబట్టి నా కోడ్‌నీ, పైథాన్ సొంత లైబ్రరీనీ జిప్ చేసి ప్రోగ్రాం తోకకి అతికిస్తే, పైథాన్ వెనక నుంచి వెతుక్కుని చదివేస్తుంది. దాన్ని మొదలుపెట్టడానికి సీ భాషలో చిన్న మెయిన్ ఒకటి రాయాలి, అంతే.

ఎల్‌డీడీ (ప్రోగ్రాంకి బయటి లైబ్రరీలు ఏవి కావాలో చెప్పే కమాండ్) కొడితే 'నాట్ ఎ డైనమిక్ ఎగ్జిక్యూటబుల్' అంది. ఆ లైన్‌ని ఫొటో కూడా తీసుకున్నాను.

ఆదివారం మళ్లీ పలాస. ఈసారి ఠక్కున తెరుచుకుంది. మావయ్య రెండు పేర్లు కొట్టి చూసి, గుప్పెడు పప్పు నా చేతిలో పోశాడు.

"బాగుందిరా. కాశీబుగ్గలో మా తోడల్లుడికి కూడా ఇదే ఫైలు ఇచ్చీ."

ఆయనది విండోస్.