జకార్తా సారు, జింఖానా బురద

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి రాయమని కమిటీ వాళ్ళు గ్రూపులో అడిగీ అడిగీ చివరికి మన టీము బాబాయ్‌తో (బడిలో అందరివీ మారుపేర్లే కదా) ఫోన్ చేయించారు. బాబాయ్ మాట కాదనలేనని వాళ్ళకి తెలుసు. ఒక పేజీ, ఒక ఫోటో, ‘ప్రస్తుత హోదా’ కావాలట. సరేనని కూర్చుంటే ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి అసలు గుర్తుకే రాలేదు. నీళ్ళ ట్యాంకు పక్కన చింతచెట్టు, ఇంగ్లీషు మేడమ్ గొడుగు, అంతే. 1986 ఆగస్టు మాత్రం ఎక్కడికీ పోలేదు. కాబట్టి మళ్ళీ జింఖానా గ్రౌండ్‌లో ఆడిన ఫుట్‌బాల్ మ్యాచే రాస్తున్నా. విని విని విసిగినవాళ్ళు పేజీ తిప్పేయండి.

ఆ జూన్‌లో మెక్సికో వరల్డ్ కప్ దూరదర్శన్‌లో చూశాక మనమందరం మారడోనాలమైపోయాం కదా. కాలికి బంతి దొరికితే ఎవడూ ఇంకొకడికి ఇచ్చేవాడు కాదు. ఎడమకాలి వాటం లెఫ్టుగాడైతే చేత్తో గోల్ వేయడం కూడా ప్రాక్టీస్ చేశాడు. మనకి ఆట నేర్పే జకార్తా సారుకి ఒళ్ళు మండిపోయేది. ఆయన కుర్రతనంలో ఫతే మైదాన్‌లో కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీసు టీమును ఆడించడం కళ్ళారా చూసిన మనిషి. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు కొట్టిన టీము అది. రహీం సాబ్ డ్రిబ్లింగే చేయకూడదని నియమం పెట్టి పోటీలు నడిపేవారట. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే కొట్టించేవారట. ‘ఆయన కూడా బడిపంతులేరా’ అని సారు ఎన్నిసార్లు అన్నారో! ఆ ప్రయోగాలన్నీ మన మీద జరిగాయి. జూలై అంతా ఎడమ కాలే. పొరపాటున కుడి కాలు తగిలిందా, గ్రౌండ్ చుట్టూ పరుగు. లెఫ్టుకి మాత్రం కుడి కాలు. వాడు నిజంగానే ఏడ్చాడు.

మ్యాచ్ రోజు పొద్దున్నించీ ముసురు. ఎదుటి బడి పేరు రాయను. మన ట్రంకుగాడు తర్వాత ఆ టీము ఫార్వర్డ్ చెల్లెలినే పెళ్ళి చేసుకున్నాడు, ఇంట్లో గొడవలెందుకు. వాళ్ళకి స్టడ్స్ ఉన్న బూట్లు, మనకి పీటీ కాన్వాస్ బూట్లు. మొదటి గోల్‌కి మన డిఫెన్స్‌లో నిలబడి ఉన్నవాడు ఒక్కడూ లేడు, అందరూ జారి కిందే ఉన్నారు. రెండోది ఆఫ్‌సైడో కాదో ఇప్పటికీ తేలలేదు. ఇంటర్వెల్‌కి రెండు–సున్నా. బయట నిలబడ్డ మనవాళ్ళు కూడా మెల్లగా సైకిళ్ళ తాళాలు తీస్తున్నారు.

సారు తిట్టలేదు. నిమ్మకాయ ముక్కలు పంచుతూ, “జకార్తాల కూడా ఫస్ట్ రెండు–సున్నానే గదరా” అన్నారు. అంత బురదలో కూడా నవ్వొచ్చింది. ఆ కథ మీకు కంఠతా వచ్చు. కానీ ఈ సంచిక మన పిల్లలు చదువుతారేమోనని రాస్తున్నా. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశం మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో రెండు–సున్నాతో ఓడింది. మళ్ళీ ఫైనల్లో ఆ కొరియానే ఎదురైంది. స్టేడియం నిండా మనల్ని ఎగతాళి చేసే జనం. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని, మన దేశం టీముకీ కోచ్ అయిన రహీం సాబ్ ముందు వరసలో ఆడించారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి వేశారు. రెండు–ఒకటి, బంగారు పతకం. మన అమ్ముగూడ బలరాం ఆ టీములో ఉన్నాడన్న మాట దగ్గర సారు గొంతు ఎప్పుడూ పెద్దదయ్యేది.

ఆ రోజు మాత్రం కథ అంతటితో ఆపి, “గోల్ సంగతి నాకిడిశిపెట్టుండ్రి. బాల్ వచ్చిందా, ఆపు, ఇయ్యి. మూడో టచ్ పెట్టినోడు బయటికే” అన్నారు.

బురదలో బంతిని తోసుకుంటూ పరిగెత్తితే అది నిలిచిపోతుంది, మనం ముందుకు పడతాం. ఫస్ట్ హాఫ్ అంతా మనం చేసింది అదే. ఇప్పుడు బాబాయ్ నాకు, నేను లెఫ్టుకి, లెఫ్టు మళ్ళీ బాబాయ్‌కి. మన సగం దాటలేదు. గట్టు మీద నుంచి ‘క్యారమ్స్ ఆడుకోండ్రా’ అని కేకలు. కానీ బంతి మన దగ్గరే ఉంది, వాళ్ళు దాని వెనక పరిగెత్తుతున్నారు. బరువైన బూట్లతో బురదలో పరుగంటే మాటలు కాదు.

అప్పుడే వాళ్ళకి కార్నర్ వచ్చింది. బంతి గాల్లో ఉండగా వెనక నుంచి “నాదీ!” అని ఒక అరుపు. ఎవరా అని తిరిగి చూశాం. మన గోలీ సైలెన్సర్! ఐదేళ్ళలో వాడి గొంతు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరైనా విన్నారా? బంతిని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. అక్కణ్ణుంచి అందరికీ నోళ్ళు వచ్చాయి. ‘వెనక మనిషి’, ‘టైముంది’, ‘ఇటివ్వు’ అని ఒకటే అరుపులు. కాసేపటికి బాబాయ్ ఎడమ కాలితో గోల్ వేశాడు. జూలై అంతా ఏ కాలిని తిట్టుకున్నాడో దానితోనే.

తర్వాత వాళ్ళ కెప్టెన్ టైమ్ లాగడానికి బంతిని రోడ్డు మీదికి తన్నాడు. గెలుస్తున్నవాడు మనల్ని చూసి టైమ్ లాగుతున్నాడు! ట్రంకు నా వైపు చూసి పళ్ళికిలించాడు. ఇక ఓడిపోమని నాకు తెలిసిపోయింది. గోల్ రాకముందే తెలిసిపోయింది, అదే విచిత్రం.

రెండో గోల్ సంగతి చివర్లో చెప్తా, దాని మీద కేసులున్నాయి. టైబ్రేకర్‌లో సైలెన్సర్ ఏం చేశాడో మీకు తెలుసు. తర్వాతి రౌండులో ఐదు–సున్నాతో ఓడిన సంగతి ఎవరూ రాయరు, నేనూ రాయను.

ప్రస్తుత హోదా అడిగారు కదా, లోకో పైలట్. డీజిల్ అసిస్టెంటుగా చేరి, గూడ్సులు, ప్యాసింజర్లు నడిపి, ఎక్స్‌ప్రెస్‌ల దాకా వచ్చాను. 2023లో మొదలైన విశాఖ వందే భారత్ మీద కూడా విజయవాడ దాకా డ్యూటీ చేశాను. క్యాబ్‌లో సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు, నేను ఇద్దరం పైకి చెప్పుకోవాలి, రూలు. కొత్త కుర్రాళ్ళు గొణుగుతారు. నేను ఊరుకోను, గట్టిగా చెప్పిస్తాను. సారు పోయేముందు ఒకసారి పదో నంబరు ప్లాట్‌ఫాం మీద కనపడ్డారు. నా యూనిఫాం పైనుంచి కిందిదాకా చూసి, “ఎడమ చేత్తోటి కూడ నడుపుతవారా?” అన్నారు. నడుపుతానన్నాను. భుజం తట్టి టీ ఇప్పించారు, డబ్బులు నన్ను ఇవ్వనీయలేదు.

ఇక రెండో గోల్. కొట్టింది లెఫ్టు, అదీ కుడి కాలితో. మధ్యలో ట్రంకు మోకాలికి తగిలి దారి మారి లోపలికి వెళ్ళింది. తగిలే సమయానికి ట్రంకు బంతి వైపు చూడను కూడా లేదు, జారిన బూటు వెతుక్కుంటున్నాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆదివారం స్టేజీ మీద వాడు మైకు పట్టుకుని తనదే అంటే, బావమరిదిని సాక్ష్యానికి తెచ్చినా సరే, ఒప్పుకోకండి.